గోడవైపు తిరిగిన కప్పులు

కామెట్ డైనర్ నెత్తిన ఉన్న తోకచుక్కకు తోక వెలుగుతోంది. ఆ పొద్దున బెర్నడీన్ హ్రుస్కాకు వచ్చిన మొదటి కోపం దాని మీదే.

నలభై ఆరేళ్ళు ఆమె ఆ బొమ్మ కిందుగా పనిలోకి వెళ్ళింది, ఆ బొమ్మ కిందుగానే ఇంటికి వచ్చింది. అన్నేళ్ళలో చుక్క వెలిగిందే గాని తోక ఒక్కనాడూ వెలగలేదు. బాగుచేయిస్తానని ఓనరు లెఫ్టీ ఏటా మంచు కరగగానే అనేవాడు, మళ్ళీ మంచు పడేదాకా అంటూనే ఉండేవాడు. లొరేన్ ఊరంతా దాన్ని మొండిచుక్క అని పిలిచేది. అలాంటిది, పదకొండేళ్ళు మూతబడి ఉన్న హోటల్‌ని ఎవడో కొత్తవాడు కొని, రంగులు వేయించి తెరిచిన మొదటి శనివారం, పొద్దున పది గంటల ఎండలో ఆ తోక గులాబీ రంగున మెరిసిపోతోంది.

"పట్టపగలు దీపాలేంటే వీళ్ళ మొహం!" అంది బెర్నడీన్ కారు దిగుతూ.

"చూడవే, ఎంత ముద్దుగా ఉందో," అంది ఇవెలీస్.

"ముద్దా? ముసలిదానికి లిప్‌స్టిక్ పూసినట్టుంది."

"నేను పూసుకునే వచ్చాను మరి," అని ఇవెలీస్ కారు అద్దంలో పెదాలు చూసుకుంది.

ఇవెలీస్‌కు అరవై ఎనిమిది, బెర్నడీన్‌కు డెబ్భై తొమ్మిది. కామెట్‌లో ఒకే తలుపుకు ఇటు ఒకరూ అటు ఒకరూ బతికారు. ఇటువైపు డైనర్: పొడుగాటి కౌంటరు, గుండ్రటి స్టూళ్ళు, కిటికీల పక్కన ఎర్ర సోఫా సీట్లు. అటువైపు లౌంజ్: కిటికీల్లేని గది, బారు, బారు వెనక సీసాలు. మధ్య తలుపుకు పళ్ళెమంత గుండ్రటి అద్దం. బెర్నడీన్ ఇటు కాఫీ పోసేది. పోర్టోరికో నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ ఊరొచ్చిన ఇవెలీస్, ముప్పై ఏళ్ళపాటు అటు విస్కీ పోసింది.

గుమ్మంలో చేతిలో పలకలాంటి ఫోను పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. "నమస్కారం అమ్మమ్మగారూ! మా కామెట్‌కి ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చారా?" అంది పళ్ళన్నీ చూపిస్తూ.

ఇవెలీస్ పక్కకు తిరిగి నవ్వాపుకుంది. బెర్నడీన్ నవ్వలేదు.

"వచ్చాను," అంది.

"అయితే మా పద్ధతి తెలిసే ఉంటుంది. పేరు రాయించుకుని కాసేపు ఆగాలి."

"మీ పద్ధతా?" అంది బెర్నడీన్. ఇవెలీస్ ఆమె మోచేయి పట్టి లోపలికి లాక్కుపోయింది. పేర్లు రాసే పిల్ల మీద మొదలుపెడితే గుడ్ల దగ్గరికి చేరేసరికి సాయంత్రమవుతుందని ఆవిడ భయం.

లోపల అంతా అదే. అదే కావడమే బెర్నడీన్‌కు గిట్టలేదు. అదే కౌంటరు, కాకపోతే సిగరెట్ల మచ్చలు పోయాయి. అవే సోఫాలు, కాకపోతే కొత్త తోలు. పైనుంచి పాత పాటలు వస్తున్నాయి. కామెట్‌లో పాటలు ఏనాడూ లేవు, పొద్దున్నే ఎవరైనా పాట పెడితే అలిసి వచ్చినవాళ్ళు తిట్టేవాళ్ళు. మెనూ తెరిస్తే లోపలి అట్టమీద ఆమె ఫొటోయే ఉంది. పాతికేళ్ళ వయసు, చేతిమీద ఐదు పళ్ళేలు. కింద అచ్చు వేశారు: 'నోటిదురుసు బెర్నీ.'

"బెర్నీ ఎవరే?" అంది బెర్నడీన్. ఆ పేరుతో ఆమెను పిలిచే ధైర్యం ఈ భూమ్మీద ఒక్కడికే ఉండేది. వాడు ఆమె మొగుడు మిలన్.

"నోటిదురుసన్న మాట మటుకు ఎవరో తెలిసినవాళ్ళే చెప్పుంటారు," అంది ఇవెలీస్.

బెర్నడీన్ ఇరవై రెండో ఏట కామెట్‌లో చేరింది. తండ్రి ఉక్కు మిల్లు, అన్నలు ఉక్కు మిల్లు, నాలుగు వీధుల అవతల పుట్టిల్లు. రెండు వారాలు పని చేసి మానేద్దామనుకుంది. మూడో వారానికల్లా నైట్ షిఫ్టు వాళ్ళందరి తిళ్ళూ నోటికొచ్చేశాయి. రాత్రి పదకొండుకు మిల్లులోకి దిగి పొద్దున ఏడుకు బయటపడే మనుషులు. ఊరు నిద్రలేచే వేళకు వాళ్ళకు సాయంత్రం. అందుకే కామెట్‌లో లౌంజ్ పొద్దున ఏడింటికే తెరిచేవారు. మసి మొహాలతో వచ్చి ఒక విస్కీ, వెంట ఒక బీరు తాగి, గుండ్రటి అద్దం తలుపు తోసుకుని ఇటొచ్చి తినేవారు. దానికొక కట్టుబాటు ఉంది. ఎవరైనా రెండో గ్లాసు ముగించగానే ఇవెలీస్ తన ఉంగరంతో ఆ అద్దం మీద టకటకమని కొట్టేది. ఇటువైపు బెర్నడీన్ వాడి గుడ్లు పెనం మీద వేయించేది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మూడో గ్లాసు లేదు. ఎంత మొత్తుకున్నా లేదు, ఎవడి బాబు వచ్చినా లేదు. మిల్లు వాళ్ళ పెళ్ళాలకు లెఫ్టీ మీద నమ్మకం లేదు గాని, ఆ టకటకల మీద ఉండేది.

మిలన్ కూడా ఆ షిఫ్టులోనే వచ్చాడు. టోస్టు మాడ్చి తెమ్మన్నాడు. తెచ్చింది. ఇంకా మాడ్చమన్నాడు. నల్లగా బొగ్గు చేసి తెచ్చి ముందు పడేసింది. వాడు దాన్ని ఆసాంతం తిని, "రేపు కూడా ఇలాగే," అన్నాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది.

ఇక కప్పుల సంగతి. రెండు గదుల మధ్య గోడకు అరవై నాలుగు కొక్కేలు, నాలుగు వరసలు. ఒక్కో కొక్కేనికి ఒక్కో తెల్ల కప్పు, నైట్ షిఫ్టులో ఒక్కో మనిషిది. కప్పు మీద వాడి పేరు, బెర్నడీన్ తన ఎర్ర గోళ్ళరంగుతో రాసింది. ఆమె చేరిన నాలుగో ఏట పావెల్ జూరిక్ అనేవాడి మీద మిల్లులో ఇనప దూలం పడింది. మర్నాడు పొద్దున వాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. బెర్నడీన్ అలవాటు కొద్దీ పావెల్ కప్పు తీసి, కాఫీ నింపి, వాడి చోట పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ కాఫీ అలా చల్లారిపోయింది. అందరూ లేచాక ఆమె దాన్ని తొట్టిలో పారబోసి, కప్పు చేత్తో కడిగి, పేరు గోడవైపు ఉండేలా తగిలించింది. స్లోవాక్ దేశం నుంచి వచ్చిన ఆమె నాయనమ్మ, చావు జరిగిన ఇంట అద్దాన్ని గోడకేసి తిప్పేది. అదే చేతికి తోచింది. అప్పట్నుంచి ఎవరు పోయినా అంతే. అంత్యక్రియల మర్నాడు కాఫీ నింపడం, చల్లారనివ్వడం, కడిగి గోడకు తిప్పడం. ఆ రోజు ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు.

ముప్పై ఏళ్ళు కరిగిన ఉక్కు పక్కన నిలబడ్డ మిలన్, ఇంటి ముందు మంచు తీస్తూ గుండాగి పోయాడు. అతని కప్పు కూడా ఆమే తిప్పింది. రెండో వరసలో, మొదటినుంచీ లెక్కిస్తే పంతొమ్మిదో కొక్కెం, అంచున చిన్న పెచ్చు లేచిన కప్పు. లెఫ్టీ ఇంటికి పొమ్మని బతిమాలాడు. "నేను పోతే బల్లల దగ్గరికి నువ్వు తిరుగుతావా, నీ మోకాళ్ళేసుకుని?" అని కసిరి, కళ్ళు తుడుచుకుని, పక్కవాడి గుడ్లు అందించింది.

కామెట్ మూతబడిన రోజున నలభై ఒక్క కప్పులు గోడవైపు ఉన్నాయి, ఇరవై మూడు ఇటు ఉన్నాయి. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. మిలన్ కప్పు తీసి సంచిలో పెట్టుకుని, మళ్ళీ తీసి తగిలించేసింది. అందరి మొగుళ్ళనూ అక్కడ వదిలి తన మొగుణ్ణి మాత్రం పట్టుకుపోవడం ఆమెకు దొంగతనంలా అనిపించింది. లెఫ్టీ కొడుకు ఆరు నెలల్లో మళ్ళీ తెరుస్తానన్నాడు కూడా. పదకొండేళ్ళ పాటు ఆ తెలివితక్కువ పనికి ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఈ రోజు వచ్చింది గుడ్ల కోసం కాదు. కప్పు కోసం వచ్చింది.

మెనూ మూసి ఆ గోడవైపు చూసింది.

కప్పులన్నీ ఇటే తిరిగి ఉన్నాయి. అన్నీ. పావెల్ ఇటే ఉన్నాడు. జార్జ్ టోట్ ఇటే ఉన్నాడు. పోయినవాళ్ళూ ఉన్నవాళ్ళూ వరసలు కట్టి, ఎర్రటి పేర్లతో ఆమెనే చూస్తున్నారు. ఒక్క క్షణం మిల్లు ఏడు గంటల కూత వేసి అందరూ ఒక్కసారిగా లోపలికి వచ్చేసినట్టయి, చెయ్యి దానంతటదే కాఫీ జగ్గు కోసం చాచుకుంది. మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది.

కొన్ని పేర్లు సగం సగం ఊడిపోయి ఉన్నాయి. గిన్నెలు కడిగే మిషన్లో వేశారన్నమాట. పంతొమ్మిదో కొక్కెం ఖాళీగా ఉంది.

"ఎవడే ఇక్కడ ఓనరు?" అని అరిచింది.

ఓనరు పరుగున వచ్చాడు. గ్రేడీ అని పేరు, ముప్పై నాలుగేళ్ళుంటాయి, గడ్డం, ముంజేతి మీద ఫోర్కు బొమ్మ పచ్చబొట్టు. ఆమెను చూడగానే వాడి మొహం చాటంతయింది.

"అయ్యో, మీరు బెర్నీ కదూ! ఆ ఫొటోలో ఉన్నది మీరే కదూ! ఆరేళ్ళప్పుడు మా తాతయ్యతో క్లీవ్‌లాండ్ నుంచి వచ్చి ఇక్కడ పాన్‌కేకులు తిన్నానండీ. అప్పట్నుంచి ఈ చోటంటే ప్రాణం. ఒక్క మేకు కూడా మార్చలేదు, చూడండి!"

"ఆ కప్పులు ఎవరు తిప్పారు?"

"నేనే!" అన్నాడు గ్రేడీ ఛాతీ విరుచుకుని. "మేం వచ్చేసరికి సగానికి పైగా వెనక్కి తిప్పి ఉన్నాయండీ, పేర్లు గోడవైపుకి. ఎవరో తుడిచేవాళ్ళు చూసుకోకుండా తగిలించి ఉంటారు. ఒక్కొక్కటీ నా చేత్తో సరిచేశాను."

బెర్నడీన్ ఖాళీ కొక్కేనికేసి వేలు చూపించింది.

"పంతొమ్మిదోది ఏది?" అంది.

"అది ఎవరో ఎంచుకున్నట్టున్నారు. మిల్లు నైట్ షిఫ్టు గుర్తుగా 'మూడో షిఫ్టు' అని మా కొత్త కాక్‌టెయిల్ ఉందండీ, విస్కీలో కాల్చిన నారింజ తొక్క వేస్తాం. అది తీసుకున్నవాళ్ళు గోడ మీంచి నచ్చిన కప్పు ఎంచుకుని అందులో తాగొచ్చు, గుర్తుగా ఇంటికి తీసుకుపోవచ్చు. ఇవాళ పొద్దున్నించే మొదలు. అప్పుడే ఏడు పోయాయి!"

"ఇంటికి తీసుకుపోవచ్చా?" అంది బెర్నడీన్ మెల్లగా. ఆ గొంతు తెలిసిన ఇవెలీస్ చప్పున లేచి నిలబడింది.

"చచ్చినవాళ్ళయ్యా అవి!" అని బెర్నడీన్ ఒక్కసారిగా విరుచుకుపడింది. సోఫాల్లో ఫోర్కులు ఆగిపోయాయి. "గోడకు తిరిగినవాళ్ళు చచ్చినవాళ్ళు! తుడిచేవాళ్ళు చూసుకోలేదా? నేను తిప్పాను. ఒక్కొక్కణ్ణీ పాతిపెట్టొచ్చి, మర్నాడు పొద్దున్నే ఈ చేత్తో కడిగి తిప్పాను. నువ్వు వాళ్ళను లేపి, నారింజ తొక్కలేసి, వచ్చే పోయేవాళ్ళకి పంచిపెడుతున్నావా?"

గ్రేడీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాకు... నాకు తెలీదండీ."

"అడిగావా? ఈ ఊళ్ళోనే ఉన్నాను. నాలుగు వీధుల అవతల. ఫోను పుస్తకంలో పేరుంది. నా ఫొటో అచ్చేశావు, నా నోరు దురుసని రాశావు, నేను బతికున్నానో లేదో కనుక్కున్నావా? ఆ మొండి తోకను బాగుచేయడానికి మనిషి దొరికాడు గాని, ఒక్క మాట అడగడానికి నీకు మనిషి దొరకలేదా?"

వాడు సమాధానం చెప్పే లోపలే ఆమె కదిలింది. మోకాలు నొప్పని మూడు నెలలుగా గొణుగుతున్న మనిషి, బల్లబల్లకూ ఆగి అందరి చేతుల్లోకీ చూసుకుంటూ పోయింది. కిటికీ పక్కన చివరి సోఫాలో ఒక జంట ఉంది. అమ్మాయి ముక్కుకు పోగు, చేతిలో తెల్ల కప్పు. అంచున పెచ్చు లేచిన చోట నారింజ తొక్క వేలాడుతోంది. పేరులో మొదటి రెండక్షరాలు ఊడిపోయాయి.

"కింద పెట్టు," అంది బెర్నడీన్.

"ఏమైందండీ?" అంది అమ్మాయి బిత్తరపోయి.

"అది మా ఆయనది."

ఎదురుగా కూర్చున్న కుర్రాడు ముందుకు వంగాడు. "చూడండి మామ్మగారూ, మేం లైన్లో గంట నిలబడి ఎంచుకున్నాం. వాళ్ళే తీసుకోమన్నారు. పాతది, అసలు సిసలుది, విరిగి కూడా ఉందని ఈమె ముచ్చటపడింది."

"విరిగింది ఎలాగో తెలుసా నీకు? లెఫ్టీతో ఫుట్‌బాల్ గురించి వాదిస్తూ బల్లకేసి కొట్టాడు. కొత్తది ఇస్తానంటే వద్దని, ఇరవై రెండేళ్ళు ఆ పెచ్చు తప్పించి రెండోవైపు నుంచి తాగాడు. ముచ్చటట, ముచ్చట! నీ తాత కట్టుడుపళ్ళు ఎవడైనా ముచ్చటపడి పట్టుకుపోతే ఊరుకుంటావా?"

"మీదని మాకెలా తెలుస్తుంది?" అన్నాడు కుర్రాడు, కాస్త గొంతు తగ్గించి.

ఇవెలీస్ వెనకనించి వచ్చి వాడి భుజం తట్టింది. "నాయనా, నలభై ఏళ్ళుగా చూస్తున్నాను ఈవిణ్ణి. ఇప్పుడు చేతిలో వేడి కాఫీ లేదు కాబట్టి నువ్వు అదృష్టవంతుడివి. ఇచ్చెయ్."

అమ్మాయి అప్పటికే ఆ మందును నీళ్ళ గ్లాసులోకి వంపేసింది. కాగితం రుమాలుతో కప్పు లోపల తుడిచి రెండు చేతులతో అందించింది. "క్షమించండి. నిజంగా తెలీదు," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బెర్నడీన్ ఆ పిల్లను ఓదార్చలేదు. కప్పు తీసుకుని గుండెకు ఆనించుకుంది. నారింజ వాసన కొడుతుంటే మళ్ళీ ఒళ్ళు మండింది.

గ్రేడీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఆ కప్పు మీరు ఇంటికి తీసుకెళ్ళండి. దయచేసి. అది మీదే."

దానికోసమే వచ్చింది కదా. చేతికి అందింది కూడా. ఇక గుమ్మం దాటితే సరిపోతుంది. ఇవెలీస్ కారు తాళాలు బయటికి తీసింది. బెర్నడీన్ గోడవైపు చూసింది. యాభై ఏడుగురు ఇటే చూస్తున్నారు. రేపు ఎవరో జార్జ్‌ను పట్టుకుపోతారు, ఎల్లుండి పావెల్‌ను.

"నిచ్చెన తే," అంది గ్రేడీతో.

"ఎందుకండీ?"

"పై వరసలు నాకందవు. నువ్వు తిప్పినవి నువ్వే తిప్పు. కింద రెండు వరసలు నేను తిప్పుతాను."

శనివారం, నిండా జనం, బయట వరస. వాడు ఒకసారి ఆ జనాన్ని చూశాడు, ఒకసారి ఆమె మొహం చూశాడు. పాటలు ఆపమని చెప్పి నిచ్చెన తెచ్చాడు.

"మొదటి కొక్కెం," అంది బెర్నడీన్. "పేరు చదువు."

"పావెల్ జూరిక్."

"గుడ్లు మూడు, పచ్చసొన కారాలి. పక్కన సాసేజి. ముప్పై ఒకటో ఏట పోయాడు. తిప్పు."

వాడు తిప్పాడు.

"రెండోది."

"ఊడిపోయిందండీ, సరిగ్గా కనపడట్లేదు."

"నీ మిషన్లో వేసి ఊడగొట్టావు. అది ఆంటన్ వర్గా. కాఫీలో ఐదు చెంచాల పంచదార, కలుపుకోడు. అడుగున పంచదార ముద్ద వేలితో తినేవాడు. తిప్పు. చేత్తో కడగాలి వీటిని, వింటున్నావా? చేత్తో."

"వింటున్నానండీ."

అలా ఒక్కొక్కటే. పై రెండు వరసలు వాడు, కింద రెండు వరసలు ఆమె. పేరు, తిండి, పోయిన సంగతి. కామెట్ మూతబడ్డాక పోయినవాళ్ళను కూడా ఆమె వదల్లేదు. పదకొండేళ్ళుగా పేపర్లో చావు కబుర్లు చదువుతూ, తిప్పడానికి కప్పు అందక లోపల లోపల కుళ్ళిపోయింది. వాళ్ళ పేర్లు వచ్చినప్పుడు గొంతు ఇంకా పెరిగింది. వంటవాడు పెనం మంట తగ్గించి వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టాడు. మధ్యలో ఎవరో పెద్దమనిషి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూడో వరస దగ్గర తలుపు తెరుచుకుని, ఎర్ర చొక్కా వేసుకున్న ఒకాయన లోపలికి వచ్చాడు. పార్కింగులో కారెక్కబోతుంటే ఎవరో చెప్పారట. కాగితంలో చుట్టిన కప్పు కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఖాళీ కొక్కేలు వచ్చినప్పుడు కూడా ఆమె పేరూ తిండీ చెప్పింది. ఐదు మిగిలాయి. "వీటిని ఎలా తెస్తావో నాకు తెలీదు. ఊరంతా దండోరా వేసుకో. తెచ్చేదాకా ఆ కొక్కేలకు ఇంకేదీ తగిలించకు."

"తగిలించనండీ," అన్నాడు గ్రేడీ. వాడి చొక్కా వీపున తడిసిపోయింది.

అంతా అయ్యేసరికి గోడంతా ఖాళీ తెలుపు. మూడే పేర్లు ఇటు ఉన్నాయి. ఇద్దరు ఫ్లోరిడాలో కూతుళ్ళ దగ్గర ఉంటున్నారు. మూడోవాడు ఎమిల్ బరాన్యాయ్, తొంభై మూడేళ్ళు, సరస్సు ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో చక్రాల కుర్చీలో ఉన్నాడు, నర్సుల మీద అరుస్తుంటాడు.

"ఈ ముగ్గురూ..." అని ఆగాడు గ్రేడీ. "నేను ఎప్పుడు తిప్పాలో నాకెలా తెలుస్తుందండీ?"

"నేను ఫోన్ చేస్తాను."

"ఒకవేళ మీరు..." అని మింగేశాడు.

"నేను పోతే? అడగవయ్యా, పళ్ళూడిపోవులే. పొద్దున్నే తలుపు తెరవక ముందు పేపర్లో చావు కబుర్లు చదువు. ఈ గోడ పెట్టుకున్నవాడు అది చదివి తీరాలి. నేను పోయింది కూడా అందులోనే చూసుకుంటావు. కాఫీ నింపాలి, చల్లారాలి, చేత్తో కడగాలి. ఆ రోజు ఆ స్టూలు మీద ఎవర్నీ కూర్చోనివ్వకూడదు, గవర్నరు వచ్చినా సరే. రాసుకో."

వాడు నిజంగానే ఆర్డర్లు రాసే కాగితం మీద రాసుకున్నాడు. అది చూసి ఆమెకు జాలి వేసిందేమో అనుకునేరు. వెయ్యలేదు. అక్షరాలు పెద్దవిగా రాయమంది.

తర్వాత కౌంటరు వెనక్కి వెళ్ళింది, ఎవర్నీ అడక్కుండా. తొట్టి ఉన్న చోటే ఉంది. మిలన్ కప్పు వేడినీళ్ళలో మూడుసార్లు కడిగింది. నారింజ వాసన పోయిందని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. పెచ్చు మీద బొటనవేలు ఒకసారి రాసింది. రెండో వరస పై నుంచి రెండోదే కాబట్టి గ్రేడీ చెయ్యి చాచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. నిచ్చెన మొదటి మెట్టెక్కి, ఇవెలీస్ నడుం పట్టుకుంటే, పంతొమ్మిదో కొక్కేనికి తనే తగిలించింది. పేరు గోడవైపుకి.

"కాఫీ ఇప్పించనా మీకు?" అన్నాడు గ్రేడీ.

"నీ కాఫీ వాసన చూస్తేనే తెలుస్తోంది, పలచన," అని బెర్నడీన్ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.

కారులో ఇవెలీస్ తాళం తిప్పకుండా కూర్చుంది. ఎదురుగా నెత్తిమీద ఆ గులాబీ తోక ఇంకా వెలుగుతూనే ఉంది.

"పదకొండేళ్ళు తిట్టుకున్నావు కదే, ఆ కప్పు తెచ్చుకోలేదని. చేతిలో పెడితే మళ్ళీ వదిలేసి వచ్చావేం?"

బెర్నడీన్ సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"అక్కడ పక్కన జార్జ్ ఉన్నాడు. ఇటుపక్క వర్గా వాళ్ళ తమ్ముడున్నాడు," అంది. "ఇంట్లో నేనే కదే, నేనొక్కదాన్ని. నాతో ఫుట్‌బాల్ గురించి ఏం మాట్లాడతాడు?"